కల్వర్టుకు అవతల

అంగన్‌వాడి పిల్లలు ఇండ్లకు పోయినంక
కోడిగుడ్ల అట్టలు మూలకు జరిపి
ఓటరు లిస్టు పరుస్త.
గాలికి లేవకుండ
నాలుగు కొసలకు నాలుగు పప్పు డబ్బాలు.

తండాల అందరు జనవరి ఒకటినే పుట్టిన్రు.
ఆధార్ తీయనొచ్చిన పిలగాడు తారీఖు అడిగితె
డిండి అలుగు దుంకిన తెల్లారి అన్నదట ఒకామె,
మేకలకు గాలికుంటు తగిలిన యేడు అన్నదట ఇంకొకామె.
మిషన్ల అలుగుకు గడి లేదు,
మేకలకు అసలే లేదు.

ఇప్పుడు ఊరి మీదికి ఒక ప్రశ్న వచ్చింది:
ఏదులగుట్ట తండా ఎర్రగుంటపల్లిలనే ఉండాల్నా
వేరు పంచాయతి కావాల్నా?
చీటీ మీద రెండే గడులు.
చీటీ వెయ్యాల్నంటె పేరుండాలె,
పేరుండాల్నంటె నేను గడప ఎక్కాలె.
కాళ్లకు అరిగిన చెప్పులు, సంకల ఫారాల సంచి,
ఫోటో అతికే జిగురు ఎండకు కారి
వేళ్లన్ని ఒకటాయె.

రేషన్ దుకాణం అరుగు మీద
పొద్దుగూకినంక రోజూ లొల్లే.

కేతావత్ హర్యా లేసి అంటడు:
"కొడుకు పుట్టిన కాయితానికి మూడు మైళ్లు,
నాయిన సచ్చిన కాయితానికి మూడు మైళ్లు.
పోయిన్నాడు సెక్రెటరీ ఉండడు."

పల్లె నుంచి నీరటి ముత్తయ్య వచ్చిండు,
తువ్వాల దులిపి భుజం మార్చిండు:
"వేరుపడుండ్రి, ఎవరొద్దన్నరు?
మరి చెరువు తూము ఎవరిది?
నీళ్లకు కల్వర్టు తెలుస్తదా?"

అప్పటిదాంక బియ్యంల రాళ్లేరుతున్న సోని
తలెత్తకుండనే అన్నది:
"మాకెన్నడన్న ఇప్పినవా తూము,
ఇయ్యాల మూస్తనంటున్నవు?"

నవ్విన్రు కొందరు.
ముత్తయ్య నవ్వలేదు, లేచి పోనూ లేదు.
బీడీ ముట్టిచ్చి, ఒకటి హర్యాకిచ్చిండు.

రాత్రి పుణె నుంచి ఫోన్లు.
వెనక కాంక్రీటు మిల్లరు గరగర.
"అక్కా, నా పేరున్నదా?"
పేరున్నది తమ్మీ, నువ్వే లేవు.
"వస్త. మేస్త్రి కూలి కోసినా వస్త.
ఏ తారీఖో ముందుగాల చెప్పు,
రైలుల నిలబడనన్న జాగ దొరకాలె."

ఇన్ని ఇండ్లు తిరిగిన గాని
ధ్వాలి ఇంటి ముందర కాలు ఆగింది.
రూప్లా పోయి ఏడు నెలలాయె.
పోయినోళ్ల పేర్లు తీసేయాలె, రూలు.

"ఈ ముచ్చట ముందుగాల తీసింది ఆయనే కద బిడ్డా,
పంచాయతి ఆఫీసు ముంగట
చెప్పులు చేతుల పట్టుకోని నిలబడి.
ఈ ఒక్కపారికి ఉంచు.
చీటీ వెయ్యడు,
లిస్టుల కూసుంటడు, అంతే."

నా చేతుల లేదని చెప్పిన.
స్కేలు పెట్టి
గీత వంకర పోకుండ కొట్టేసిన.

చానాసేపు కాయితం దిక్కే చూసి అడిగింది:
"గీత కింద పేరు కనవడ్తదా?"
కనవడ్తది.
"చదువొచ్చినోళ్లు చదువొచ్చా?"
చదువొచ్చు.
"అయితె సాలు, పో," అని
చెంబుతోని మజ్జిగిచ్చింది.

నా ఇల్లు కల్వర్టుకు ఇవతల, పల్లె దిక్కు.
బువ్వ పెట్టేది అవతల.
పద్దెనిమిదేండ్ల కింద నేను చేరిన్నాడు
చీమిడి ముక్కుతోని నా ఒళ్లెకెక్కి కూసున్న అఖిల
ఇయ్యాల కొత్త ఓటుకొచ్చింది.
పేరు తనే రాసుకున్నది.
ఆ 'అ' తోక కింద కొంచెం ఎక్కువ వంగింది,
నాదీ గట్లనే వంగుతది.

ఫోటోకు జిగురు రాసుకుంట అడిగింది:
"టీచర్, నీది ఏ గడి?"

చెప్పొద్దు బిడ్డా, గవి చెప్పేటియి కావు అన్న.
రూలే చెప్పిన.
మొఖం మాత్రం కిందికేసుకున్న.

కల్వర్టు కింద పైపులల్ల మేకపిల్లలు పండుకున్నయి.
నీళ్లు పారి మూడేండ్లు.
నడిమిట్లకు రాంగనే సంచి బరువై
ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్న.

ఇంక పదకొండు ఇండ్లు మిగిలినయి.
నీలి పెన్ను అయిపోవచ్చింది,
రేపు దేవరకొండ పోయేటోళ్లెవరన్న ఉంటె
రెండు తెమ్మనాలె.