మినిట్స్ పుస్తకంలో ఒక పేజీ

ఆ రాత్రి అజెండాలో అది తొమ్మిదో అంశం.
ఎనిమిదోది, మంచు తోసే లారీకి కొత్త గేరు బాక్సు.
దానికే గంటా పది నిమిషాలు పట్టింది.

సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి
టౌన్ హాలు కిటికీలు పళ్ళు కొరుకుతున్నాయి.
ఎప్పుడూ ఆరుగురే వచ్చే సమావేశానికి
ఆ రాత్రి జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు.
బూట్ల కింద మంచు కరిగి
నేల మీద ఏవో దేశాల పటాలు గీస్తోంది.

నేను క్లర్కుని. నా పని రాయడం.
ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు,
ఎన్ని చేతులు లేచాయి.
లేచిన చెయ్యి వణికిందా అన్నది
మినిట్స్‌లోకి ఎక్కదు.

"మన జనాభా రెండు వేల నూట పదకొండు,"
అన్నాడు ఆర్విల్ స్టెన్‌క్విస్ట్,
హార్డ్‌వేర్ షాపాయన, మూడో వార్డు.
"రాజధానిలో మన ఊరి పేరు పలకడమే రాదు.
కాగితం చప్పుడుకి కుందేలే బెదరదు,
యుద్ధం బెదురుతుందా?
మనల్ని ఎన్నుకున్నది రోడ్డు మీద గుంటలు పూడ్చమని."
కొందరు నవ్వారు.
నేనూ నవ్వాననుకుంటాను.

బెర్నీస్ కౌప్పి లేచింది.
ముప్పై ఏళ్ళు నర్సు, గొంతు పెంచడం తెలీని మనిషి.
"నేనూ గుంటల సంగతే మాట్లాడుతున్నాను ఆర్విల్.
పోయినసారి యుద్ధానికి మనం ఐదు తవ్వాం.
స్మశానం మునిసిపాలిటీదే కదా.
రెండు జనవరిలో తవ్వినవి.
నేల బండై పోతే
రాత్రంతా బొగ్గులు రాజేసి మెత్తబరిచారు.
ఆ బొగ్గుల బిల్లు మనమే పాస్ చేశాం."

నవ్వినవాళ్ళం బూట్లు చూసుకున్నాం.

తర్వాత ఒక మాట దగ్గర ఇరవై నిమిషాలు.
'ఖండిస్తున్నాం' మరీ ఘాటు అన్నాడొకాయన.
'ఆందోళన చెందుతున్నాం' అంటే
కడుపునొప్పిలా ఉంటుంది అంది ఇంకొకావిడ.
చివరికి 'వ్యతిరేకిస్తున్నాం' దగ్గర కుదిరారు.
నాలుగు, మూడు.
తీర్మానం నెగ్గింది.

మూడు కవర్లు, మూడు స్టాంపులు,
డాలరు పదకొండు సెంట్లు, ఆఫీసు ఖర్చుల కింద రాశాను.

పంతొమ్మిదో రోజున యుద్ధం మొదలైంది.
మంగలి షాపు టీవీలో ఆకుపచ్చటి రాత్రి,
అందులో తెల్లటి చుక్కలు.
ఎవరి ఊరో తెలీదు.
వాళ్ళకీ ఒక టౌన్ హాలు ఉండే ఉంటుంది,
ఒక క్లర్కు, ఒక నీళ్ళ బిల్లుల రిజిస్టరు.

ఏప్రిల్లో జవాబొచ్చింది.
'రహదారుల నిధి పట్ల మీరు చూపిన ఆసక్తికి ధన్యవాదాలు.'
కింద అచ్చేసిన సంతకం.
అది కూడా ఫైల్లో పెట్టాను. రూలు.

గేరు బాక్సు మాత్రం వచ్చింది.
లారీ ఇప్పటికీ నడుస్తోంది.
ఆ తేడా ఎవరికైనా కనబడుతుంది.

ఆరో ఏడు, మంచు వెళ్ళి బురద వచ్చిన రోజుల్లో
ఆర్విల్ నా కిటికీ దగ్గరికొచ్చాడు.
నీళ్ళ బిల్లు కట్టాడు. రసీదు మడిచాడు.
అయినా కదల్లేదు.
"డొరోతియా, ఆ పేజీ ఒకసారి చూపిస్తావా?"
ఏ పేజీ అని నేనడగలేదు.

నిలబడే చదివాడు, పెదాలు కదుపుతూ.
"ఇది మార్చొచ్చా?"
"ఆమోదించిన మినిట్స్ మార్చకూడదు ఆర్విల్."
"ఒక్క మాటైనా?"
"కామా అయినా."

కుందేలు ఊసు నేనెత్తలేదు. అతనూ ఎత్తలేదు.
అతని చెల్లెలి మనవడు ఎక్కడ ఉన్నాడో
ఊరంతటికీ తెలుసు.
ఆ నేల తవ్వినప్పుడు బొగ్గులు అక్కర్లేకపోయింది,
జూన్ నెల.

షాపులో పాత ధర చీటీ ఊడదీసినట్టు
తన పేరు పక్కన 'వ్యతిరేకం' అన్న మాటని
గోటితో నెమ్మదిగా గీకాడు.
సిరా ఊడలేదు.
నేను చూడనట్టు స్టాప్లర్‌లో పిన్నులు నింపుకున్నాను.

ఏడాదికోసారి ఆడిట్‌వాళ్ళ కోసం
ఆ పుస్తకం దించుతాను.
పేజీలు తిప్పుతుంటే
అక్కడొక్కచోట
కాగితం వేలికి గరుగ్గా తగులుతుంది.