హల్‌లో ఇరవై రెండు గంటలు

ఎడిన్‌బరో నుంచి వచ్చిన రైలు
నన్నూ నా పదకొండు కిలోల మూటనూ
వానలో దింపేసి చేతులు దులుపుకుంది.
ఆరో దేశమో ఏడో దేశమో, లెక్క తప్పింది.
బూటు అడుగున లిస్బన్ ఇసుక
ఇంకా గరగరమంటూనే ఉంది.

ప్లాట్‌ఫాం చివర అట్టముక్క పట్టుకుని ఒకావిడ.
నాలుగక్షరాల హైమవతిని
రెండున్నర చేసి రాసింది.
పరవాలేదు, మా బ్యాంకు మేనేజరూ అంతే.

ఆవిడ గ్లెనిస్. బళ్ళో వంట చేసి చేసి మానేసిందట.
భర్త నార్మన్ కారు దిగలేదు,
ఇంజను ఆపితే మళ్ళీ కదలదని భయం.
ముప్ఫై ఏళ్ళు రేకు డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేశాడు.
డబ్బాలు ఎటో వెళ్ళిపోయాయి,
మోత మాత్రం ఆయన చెవుల్లో కాపురం పెట్టింది.

ఇల్లు చేరి పది నిమిషాలు కాలేదు,
ఎర్ర ఊలుదారం కట్టిన ఇత్తడి ముక్క
నా అరచేతిలో పెట్టింది గ్లెనిస్.
"రేపు మేం ఆసుపత్రికి పోవాలి. నీ ఇష్టమొచ్చినట్టు వచ్చిపో."
పక్కింటికి చేబదులిచ్చిన పంచదార
ఏ గ్లాసుతో కొలిచామో గుర్తుపెట్టుకునే వీధి మాది.
నాకు మాట రాలేదు.

"మీ భాషలో దీన్నేమంటారు?"
తాళంచెవి అన్నాను. తాళానికి చెవి.
అనేశాక నాలుక కరుచుకున్నాను,
నార్మన్ అప్పుడే చెవిమిషను తీసి సాసర్లో పెడుతున్నాడు.

గ్లెనిస్ కుర్చీ పట్టుకుని మరీ నవ్వింది.
"పోన్లే, ఈ ఇంట్లో ఒక్కదానికైనా చెవుంది!"
ఆ మాట కాగితం మీద రాసి ఆయనకిచ్చింది.
చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
లేచి, వీధితలుపు, వంటింటి తలుపు, పెరటి తలుపు,
ఒక్కో తాళాన్నీ వేలితో నిమిరి వచ్చి కూర్చున్నాడు.

రాత్రి చేపముక్క, ఆలూ వేపుడు.
పైన ఎర్రటి పొడి చల్లి, మా ఊరి కారం అన్నారు గర్వంగా.
కారం కాదది.
మిరపకాయ ఎప్పుడో ఆ దారిన నడిచి వెళ్ళిన గుర్తు.
సంచి అడుగున దాచుకున్న కందిపొడి
ఆఖరి మూడు చెంచాలూ ప్లేటులో ఒంపేశాను.
నార్మన్ వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాడు.
ఏమీ అనలేదు.
ఇంకో ముక్క అద్దుకున్నాడు.

తెల్లారి ఒక్కదాన్నే తిరిగాను.
దేశమంతా ఎర్రగా ఉండే ఫోను డబ్బాలు
ఈ ఊళ్ళో మీగడ రంగువి.
నది మాత్రం గ్లాసులో మరిచిపోయిన టీ.

మధ్యాహ్నం తలుపు తీశాను, నేనే, తాళంచెవితో.
రెండు నెలలుగా హాస్టళ్ళ ప్లాస్టిక్ కార్డులకు
పచ్చదీపం వెలిగితే లోపలికి పోయినదాన్ని
ఇత్తడి తిరిగిన చప్పుడుకి గడపలోనే ఆగిపోయాను.
పెరట్లో తీగమీద నా చుడీదారు,
పక్కన నార్మన్ బనీను,
ఎప్పట్నించో ఇరుగుపొరుగులైనట్టు.

వాళ్ళు వచ్చేసరికి టీ పెట్టాను.
గ్లెనిస్ కోటు విప్పకుండానే కూర్చుంది.
చేతిలో పొడుగాటి కవరు.
ఎవరిదని అడగలేదు. ఆవిడా చెప్పలేదు.
"యాలకులేశావా?" అంది చాలాసేపటికి.
నార్మన్ రెండో కప్పు కోసం చెయ్యి చాపాడు.

సాయంత్రం ఓడ.
పొద్దున్నే రోటర్‌డామ్‌లో
చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే
ఎర్ర ఊలుదారం.

ఫోన్ చేశాను. పదిసార్లు సారీ చెప్పాను,
ఇవాళే పోస్టులో వేస్తానన్నాను.
అవతల ఏదో గుసగుస, ఏదో దగ్గు.
"ఆయన అడుగుతున్నాడు," అంది గ్లెనిస్,
"అక్కడ దానికేం వినిపిస్తోందని."

కిటికీ వైపు చూశాను.
వాన, అన్నాను. ఇక్కడా వానే.

ఉండు, అంది.
కాగితం మీద పెన్సిలు గీరిన చప్పుడు.