పలుకు

ఆటోనగర్ నాలుగో అడ్డరోడ్డులో
రెండు ముక్కలైన లారీ కొక్కెం
గోనెపట్టా మీద పడుంది.
నిన్న బందరు కాలువ వంతెన ఎక్కుతూ
ట్రాలీని నడిమధ్యలో వదిలేసిందట.
తెచ్చినవాడు తిట్టి తిట్టి టీకి వెళ్ళాడు.

జక్రయ్య ముక్కని ఎండకి తిప్పాడు.
విరిగిన మొహమంతా తళుకులు,
రాళ్ళుప్పు పోసినట్టు.
"మెరుస్తోంది చూశావా? అదే రోగం.
పలుకు లావెక్కింది.
అచ్చులో తీరిగ్గా చల్లారింది గదా,
ఒక్కోటీ పక్కదాన్ని మింగి కూర్చుంది.
పెద్ద పలుకుల్లో పగులు సాఫీగా పోద్ది,
ఖాళీ రోడ్డు మీద రాత్రి బస్సులాగా."

అదే కరుగులో పోసినవి ఇంకా పదకొండు.
సాయంత్రం కొలిమిలోకి తోశాం,
కరిగించడానికి కాదు.
కరగనివ్వని వేడి ఒకటుందని
అప్పటిదాకా నాకు తెలీదు.

మొదట కల్లంలో ఎండిన మిరప,
తర్వాత పండు మిరప.
తీగకి కట్టిన అయస్కాంతం ఆనిస్తే
అంటుకోలేదు,
ముఖపరిచయం లేనట్టు జారిపోయింది.
"ఇంకా పైకి."
నారింజ తొన రంగొచ్చాక
"ఇక్కడ ఆపు. అంగుళం మందానికి గంట.
పాత పలుకుల అంచుల్లో ఇప్పుడు
కొత్తవి మొలుస్తుంటాయి, నూకల్లాగా.
ఎక్కువసేపుంచావో, అవీ బలుస్తాయి."

రెండంగుళాల కొక్కేలు. రెండు గంటలు.
నేను నిద్రపోయాను.
లేచేసరికి తెల్లారగట్ల నాలుగు,
కొలిమి నోట్లో నారింజ దాటిన పసుపు.

చల్లారాక నమూనా ముక్క విరిచాం.
మళ్ళీ రాళ్ళుప్పు.
తిడతాడనుకున్నాను.
"మళ్ళీ పెడదాం. ఇనుముకేం కోపం లేదు,
డీజిలే దండగ" అన్నాడు.
ఆ డీజిలు డబ్బు
నా వారం కూలీలో కోశాడు కూడా.

రెండోసారి కుర్చీ బయట పడేశాను.
గడియారం వంకా, రంగు వంకా చూస్తూ నిలబడ్డాను.
కణకణలాడేవాటిని లాగి
ఇటుకల మీద ఎడంగా పరిచాం.
నీళ్ళొద్దు. కదిలే గాలి కూడా వద్దు.
మే నెల, బెజవాడ, మధ్యాహ్నం రెండు.
షెడ్డులో ఫ్యాన్లన్నీ కట్టేశాడు.
ఇనుము ఆరినంతసేపూ
మేం తడిశాం.

పొద్దు వాలాక ఒకదాన్ని సమ్మెటకిచ్చాం.
మొదటి దెబ్బకి వంగింది.
నాలుగో దెబ్బకీ వంగిందే గాని తెగలేదు.
తొమ్మిదో దెబ్బకి, బలవంతాన.
లోపల తళుకు లేదు.
జల్లించిన బూడిదలా మసక, మెత్తన.

జక్రయ్య బొటనవేలితో తడిమి
"ఊఁ" అన్నాడు.
ఆ ఒక్క పలుకే.
మిగతా పదీ లెక్కపెట్టి,
వెళ్ళి ఫ్యాను వేశాడు.