పొల్లు మీట

గోడలకి చెవులుంటాయని విన్నాను గానీ
షెఫీల్డ్‌లో, వాక్లీ గుట్ట మీద,
భుజాలు రాసుకునే ఈ వరస ఇళ్ళలో
గోడకి చేతులు కూడా ఉన్నాయి.
రాత్రి రెండున్నరకి మూడుసార్లు కొట్టింది.

మర్నాడు చెత్తడబ్బాల దగ్గర
పక్కింటి బ్రెండా హెలీవెల్ అడిగింది,
కోపంగా కాదు, కబురు అడిగినట్టు:
"మీ ఇంట్లోనే పడతాయా, బంగారం, వడగళ్ళు?"

ఆసుపత్రి కరపత్రాలు తెలుగు చేస్తాను, పేజీకింత చొప్పున.
అక్షరం పొల్లుపోకూడదని షరతు.
కార్ బూట్ సేల్‌లో పన్నెండు పౌండ్లకి కొన్న కీబోర్డు,
నొక్కితే నొక్కావని ఊరంతా చాటే రకం.
అడుగున నీలి దీపాలు.
కరపత్రంలో లేని జబ్బులు కూడా
ఆ వెలుగులో నా వేళ్ళకి కనిపించేవి.

శనివారం విప్పాను.
లోపల ఒక ఆవగింజ, కారప్పూస తునక,
నాది కాని పొడుగాటి ఎర్ర వెంట్రుక.
ఎవరో, ఎక్కడో, ఏం రాసుకునేదో.

ఎనభై ఏడు మీటలు.
మీటకి రెండు కాళ్ళు, దానిలోని దీపానికి రెండు.
మూడువందల నలభై ఎనిమిది కాళ్ళు ఊడదియ్యాలి,
బతికున్న జెర్రిని ఒప్పించి చెప్పులు విప్పించినట్టు.
పొగ అలారానికి స్నానాల టోపీ తొడిగాను.
టంకం కరిగింది.
గదంతా గుగ్గిలం వాసన,
దేవుడు లేని ధూపం.

కొత్త మీటలు చప్పుడు చెయ్యనివి.
ఒక్కోదాన్నీ తెరిచి, స్ప్రింగు తీసి,
సన్న కుంచెతో గ్రీజు రాశాను
పసిబిడ్డకి కాటుక దిద్దినంత పలచగా.
చెయ్యి బరువైతే చాలు, మీట
బురదలో కాలేసినట్టు లేవనంటుంది.
దీపాలు ఈసారి తేనె రంగువి.
పొడుగు కాలు ప్లస్సు, పొట్టి కాలు మైనస్సు.
మూడింటిని తిప్పి పెట్టాను.
దీపం తప్పు ఎత్తిచూపదు,
వెలగదు, అంతే.

ఆదివారం సాయంత్రానికి ఒక్కటి మిగిలింది.
D.
ఇంగ్లీషుకి అది D, తెలుగుకి పొల్లు.
అరిగి అరిగి తల బట్టతలైంది,
అక్షరం పోయి వెలుగు మాత్రమే మిగిలింది.
దాని కింద రాగి రేకు లేస్తోంది,
ఇంకొక్క వేడి తగిలితే ఊడొచ్చేట్టుంది.
ఇనుము పక్కన పెట్టేశాను.
ఉండనీ.

ఇప్పుడు ఎనభై ఆరు తేనె చుక్కల నడుమ
ఒకే ఒక నీలి చుక్క.
ఎనభై ఆరు మూగవి, ఒక్కటి గయ్యాళి.

మొదటి రాత్రి పత్తి మీద నడిచినట్టుంది.
రాశానో లేదో తెలీక
"మత్తుమందు" రెండుసార్లు కొట్టాను.
రెండుసార్లూ మధ్యలో ఒక టిక్కు.
అప్పుడు విన్నాను.

ఇంగ్లీషు రాస్తే ఎప్పుడో గానీ పలకదు.
తెలుగులో మాత్రం
ఒక హల్లు ఇంకో హల్లు కిందికి దూరినప్పుడల్లా
టిక్కు.
"మందులు" దొంగలా దాటిపోతుంది.
"శస్త్రచికిత్స" మూడుసార్లు కొడుతుంది.
పొల్లంటే తాలుగింజ కదా,
చెరిగితే ఎగిరిపోవాల్సింది,
అదే ఒత్తులన్నిటినీ మోస్తోందని
చేటలో మిగిలాక గానీ తెలీలేదు.

పదిరోజుల తర్వాత బ్రెండా, కంచె అవతల,
తడి దుప్పటి దులుపుతూ:
"గడియారం కొన్నావా ఏంటి?
లెక్క తప్పుతోందమ్మా, చూపించుకో.
అయినా పర్లేదులే,
తరవాతిది ఎప్పుడా అని చూస్తూ పడుకుండిపోతున్నా."

ఆ రాత్రి పని పక్కన పెట్టి
ఊరికే మాటలు కొట్టి చూశాను.
మౌనం: ఏమీ లేదు.
చప్పుడు: ఒకటి.
నిశ్శబ్దం:
రెండు.

గోడ అవతల మంచం కిర్రుమంది.
నేను ఇంకో మాట వెతుక్కుంటున్నాను.