ఆరి అన్న మాట

ఆ గుడిసెల మధ్య ఫోను పలికేది ఒక్కచోటే.
అల్పాకాల దొడ్డి దాటి, నల్లబండ ఎక్కి,
ఉత్తరపు కొసన ఎడమ కాలి మీద నిలబడాలి.
బరువు కుడి కాలికి మారిస్తే
లీమా నగరం తెగిపోతుంది.

రాత్రి రెండు దాటింది. వడగళ్ళు అప్పుడే వెలిశాయి.
ఎవులోహియా వీపున మూటలో పది నెలల విల్బెర్.
మూట బయటికి వినబడుతున్న ఊపిరి,
చిల్లుపడ్డ కొలిమితిత్తి.
బ్యాటరీ తొమ్మిది శాతం.
ఫోనులో డబ్బుల్లేవు. ఆ నంబరుకి అక్కర్లేదు.
బడిగోడ మీద నీలిరంగుతో రాసి వెళ్ళారు,
పక్కన ఎవరో పిల్లలు మేకని కూడా గీశారు.

స్పానిషు అయితే ఒకటి నొక్కమంది గొంతు.
ఆమె రెండు నొక్కింది.
రెండు నొక్కితే కెచువా పలుకుతుంది.
రెండు నొక్కితే ఎక్కడో ఆయకూచోలో
తిబుర్సియో అనే అతను నిద్రగొంతుతో లేచి
నర్సుకీ ఆమెకీ మధ్య వంతెనై పడుకుంటాడు.

"ఛాతీ లోపలికి పోతోందా?" అంది నర్సు.
"పక్కటెముకల కింద గుంట పడుతోందా, తల్లీ,
బురదలోంచి కాలు లాగినప్పుడు పడినట్టు?"
అన్నాడు అతను.
పడుతోంది.

నిమిషానికి ఎన్ని ఊపిరులో లెక్కపెట్టమన్నారు.
గడియారం ఫోనులోనే ఉంది,
చెవి నించి తీస్తే గొంతు తెగుతుందని భయం.
చలికి అంకెలు కూడా కొంకర్లు పోతున్నాయి.
అప్పుడు నర్సు అంది, తిబుర్సియో అన్నాడు:
గడియారం నా దగ్గరుంది, ఊపిరి నీ దగ్గరుంది.
పొట్ట లేచినప్పుడల్లా నువ్వు ఊఁ కొట్టు.
లెక్క మాది.

కథకి కొట్టినట్టే కొట్టింది.
ఆరి. ఆరి. ఆరి.

అంటే వాళ్ళ భాషలో అవునని.
ఆమె నాకిది చెబుతున్నప్పుడు
నా తెలుగు చెవికి ఆరిందనే వినబడి
ఉలిక్కిపడ్డాను.
మనకి దీపం కొండెక్కితే చీకటి.
ఆవిడ కొండెక్కింది ఆరకుండా చూసుకోడానికి.

యాభై ఎనిమిది.

"కదలకు. కాదు, కదులు. వాగు వంతెన దాకా దిగు.
బిడ్డని వీపుకి కాదు, రొమ్ముకి కట్టుకో.
తాగినన్ని పాలు తాగనీ.
కింద నించి బండి బయల్దేరింది."
నాలుగు శాతం.
ఆ తర్వాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు,
ఎవరూ పెట్టేయలేదు.

బతికాడు. కుక్కపిల్ల తోక పట్టుకుని తిరుగుతున్నాడు.

మరుసటేడు జిల్లా ఆఫీసు గోడకి కాగితం:
రెండో మీట తీసేస్తున్నాం, వాడకం తక్కువ.
అధికారి మంచివాడే. కుర్చీ చూపించాడు,
కోకా ఆకు టీ ఇప్పించాడు.
పుస్తకం తిరగేసి, గుమాస్తా చేత అడిగించి,
"మీ కొండ నించి ఏడాదికి మూడు ఫోన్లమ్మా" అన్నాడు.
మూడు ఫోన్లకి ఒక మనిషి జీతమా
అని అనకుండానే అన్నాడు.

హక్కు అన్న మాట ఆమెకి స్పానిషులోనే తెలుసు,
అదీ పోస్టర్ల మీద, ఎవరి ఫోటో కిందో.
ఆ మాట ఎత్తలేదు.
"మీ గోడ మీద గడియారముంది.
ఒక్క నిమిషం దాన్ని చూడండి" అంది.
అతని చొక్కా మూడో గుండీ మీద
కళ్ళు నిలిపి మొదలుపెట్టింది.

ఆరి.

ఆరి.

గుమాస్తా టైపు ఆపాడు.
బెంచీ కింద దూరిన విల్బెర్
ఆట అనుకుని తనూ అందుకున్నాడు,
ఒక ఊపిరి వెనకగా.

పదిహేడు.

"మీకు నిమ్మళంగానే ఉంది" అందామె.
"ఉండాలి కూడా.
మూడు ఫోన్లన్నది నిజమే.
ఒక్కోదాంట్లో ఎన్నుంటాయో రాసుకోడానికి
మీ పుస్తకంలో గడి లేదు."

టీ చల్లారింది. ఆయన జవాబు చెప్పలేదు,
పుస్తకమూ మూయలేదు.
కాగితం ఇవాళ్టికీ గోడ మీదే ఉందట.
బడిగోడ మీద మాత్రం, మేక పక్కన,
ఎవరో రెండు అంకెని
మళ్ళీ దిద్దారు, మనిషెత్తున.