తార్నాక, ముసురు

రాత్రంతా మూడొందల యాభై డిగ్రీల్లో
ఎండిన జియోలైట్ పొడి.
సీసా మూత సరిగ్గా బిగించలేదు నేను.

బయట హబ్సిగూడ మీద ముసురు.
తేమ,
ఉప్పల్ బస్సు కిటికీలోంచి కర్చీఫు విసిరినట్టు,
సోడియం పక్క సీట్లన్నీ ముందే పట్టేసింది.
బొగ్గుపులుసు వాయువు
ఫుట్‌బోర్డు మీద కాసేపు వేలాడి
దిగిపోయింది.

గ్రాఫు గీత నేలబారుగా పడుకుంది.
పోయిన వారం లిథియం ఎక్కించినప్పుడు
ఎంత ఆబగా తాగిందో ఇదే పొడి!
"చల్లగా ఉంచు, ఒత్తిడి పెంచు"
అంది రఫియా మేడం.
పొడికో, నాకో.

ఫర్నేస్ మళ్ళీ పెట్టాను.
నీళ్ళు సీటు ఖాళీ చెయ్యాలంటే తెల్లారాలి.

కళ్ళద్దాలు తుడవబోయి ఊదాను.
నా ఊపిరిలోనూ ఆ ఇద్దరే.
అద్దం మీద ముందు నిలిచింది
నీళ్ళే.