మంజూరైన బలం

గోడ మీది నల్లబల్ల నేనే రాస్తాను.
మంజూరైన బలం ఎనభై ఏడు.
ఉన్న బలం యాభై ఒకటి.
మొదటి అంకెను ఎనిమిదేళ్లుగా తుడవలేదు,
సుద్ద గట్టిపడి గోడ సున్నంలా అంటుకుపోయింది.
రెండోది మాత్రం నెలకోసారి
తడిగుడ్డ అడుగుతుంది.

నేను చిక్కకెరెపాళ్య ఠాణా రైటర్ని,
హెడ్ కానిస్టేబుల్ పిళ్ళప్పని.
బాగేపల్లి పక్క పుట్టుక. ఇంట్లో తెలుగు, రిజిస్టర్లో కన్నడ,
తిట్లు మాత్రం మూడు భాషల్లో.
నా పని మనుషుల్ని పంచడం.
ఒక్క గిన్నె చారు చేతికిచ్చి
పెళ్ళిపంక్తికంతా వడ్డించమన్నట్టు.

చౌడమ్మను పొద్దున స్కూలు గేటుకి రాశాను,
పదకొండుకి కోర్టుకి,
మధ్యాహ్నం ధర్నాకి,
రాత్రి మహిళా కౌంటరుకి.
చీటీ తెచ్చింది: పంటినొప్పి, ఒక్క పూట సెలవు.
"పంటిని డ్యూటీకి పంపించి నువ్వు పడుకో" అన్నాను.
నవ్వలేదు. బుగ్గ వాచి ఉంది.
ఆ మాట ఇంకా నా నోట్లోనే సలుపుతోంది.

లేని ముప్పై ఆరుగురూ నాకు బాగా తెలుసు.
వాళ్ళకి నడుం నొప్పి రాదు,
కూతురి పేరెంట్స్ మీటింగు ఉండదు,
బూట్లు అరగవు.
పెద్దల సమావేశాల్లో మా కంటే వాళ్ళ ఊసే ఎక్కువ.
కొన్ని రాత్రులు బీట్ పుస్తకంలో
సంతకాలు కూడా పెట్టారు.
చేతిరాత నాదే.

మా బావమరిది పరప్పన అగ్రహార జైల్లో వార్డరు.
వాడి తమ్ముడు అడవిశాఖ గార్డు,
ఒక్క లాఠీకి రెండు కొండలు.
కలిసినప్పుడు ముగ్గురం ఖాళీలు పోల్చుకుంటాం,
లోకమంతా జీతాలు పోల్చుకున్నట్టు.
"దొంగల్లో మాత్రం పోస్టులన్నీ భర్తీ బావా"
అంటాడు వార్డరు, ముద్ద మింగుతూ.

మొన్న గురువారం
హొయ్సళ బండి ఎవరో పెద్దమనిషి కాన్వాయి వెంట వెళ్ళింది.
ఎస్సై పక్క ఠాణాకీ ఇన్‌చార్జి, అక్కడున్నాడు.
సెంట్రీ సిద్దేగౌడ వాంతులు చేసుకుంటే ఇంటికి పంపాను.
రాత్రి ఒంటిగంట పది.
ఠాణాలో నేను, గడియారం,
సెల్లు పోయిందని వచ్చిన గంగులమ్మ.
మార్కెట్‌కి కనకాంబరాల మూటలు దిగేలోపు
ఫిర్యాదు రాయించుకుని పోవాలని ఆమె తొందర.

ఫోను మోగింది.
ఏడో క్రాసు నుంచి ఒక పిల్ల,
లోపల గడియ పెట్టుకుని, గొంతు తగ్గించి:
"తలుపు తంతున్నాడు సార్."

టోపీ పెట్టుకున్నాను.
గుమ్మం దగ్గర కాళ్ళు ఆగాయి.
ఠాణాకి తాళం ఉండదు.
ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో
ఆ తలుపుకి గొళ్ళెం ఎక్కడుందో వెతకడం
అదే మొదటిసారి.

గంగులమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టాను.
"మోగితే ఎత్తు. వస్తున్నారని చెప్పు."
"ఎవరొస్తా ఉండారని చెప్పేది సామీ?"
జవాబు తట్టక బండి తీశాను.

తలుపు విరగలేదు.
వాడు పరుగెత్తాడు, ఒక చెప్పు వదిలేసి.
పిల్ల రెండంగుళాల సందు తెరిచి
నన్ను చూసింది,
తర్వాత నా వెనక చూసింది,
ఇంకెవరైనా ఉన్నారేమోనని.

తిరిగొచ్చేసరికి మూడు కావస్తోంది.
గంగులమ్మ నిటారుగా కూర్చునుంది,
బుట్ట నా స్టాంపు ప్యాడు పక్కన.
"నాలుగు తూర్లు మోగింది సామీ.
వస్తా ఉండారనే చెప్పినా.
ఒగ ముసలాయన ఏడస్తా ఉంటే
రవ్వంతసేపు మాట్లాడినా."
పూలు చుట్టే కాగితం మీద
నాలుగు నంబర్లు, పెద్ద పెద్ద అంకెల్లో.
మార్కెట్ మూటలు అప్పటికే దిగిపోయుంటాయి.

పొద్దున పైనుంచి ఫారం వచ్చింది:
మంజూరు, హాజరు, ఖాళీ, షరా.
సుద్దముక్కతో నల్లబల్ల ముందు నిలబడ్డాను.
ఒకటిని రెండు చేద్దామని చెయ్యి లేచింది.
దించేశాను.
షరాలో "ఏమీ లేదు" అని రాసి పంపాను.

ఆమె సెల్లు ఇంకా దొరకలేదు.
వెతకడానికి ఎవర్ని రాయాలా అని
రోస్టరు తిరగేస్తున్నాను.